అమైలేజ్, లైపేజ్ ఎక్కువ వచ్చాయా? కంగారు పడే ముందు, కొట్టిపారేసే ముందు ఇది వినండి

ఈ రోజు ఎపిసోడ్‌లో రక్త పరీక్షలో కనబడే రెండు పేర్ల గురించి మాట్లాడుకుందాం. ఒకటి అమైలేజ్, రెండోది లైపేజ్. రెండూ మన తిండిని అరిగించే ఎంజైములు. ఇవి రక్తంలో ఎక్కువ ఉన్నాయని రిపోర్ట్‌లో వస్తే దాని అర్థం ఏంటి, దేనివల్ల పెరుగుతాయి, ఎప్పుడు భయపడాలి, ఎప్పుడు అక్కర్లేదు, ఇదంతా వరసగా చూద్దాం.

ఇప్పుడు ల్యాబ్ రిపోర్ట్ డాక్టరు చేతికంటే ముందు మన ఫోన్‌కే వస్తోంది. వాట్సాప్‌లో పీడీఎఫ్ తెరుస్తాం, ఒక అంకె పక్కన ఎర్ర గుర్తు ఉంటుంది. వెంటనే దాన్ని గూగుల్‌లో కొడతాం. రెండు నిమిషాల్లో క్యాన్సర్ దాకా వెళ్ళిపోతాం. రాత్రంతా నిద్ర ఉండదు. ఇది ఒక రకం మనుషులు. ఇంకో రకం ఉన్నారు. కడుపులో భరించలేని నొప్పి వచ్చినా "గ్యాస్ అయ్యుంటుందిలే" అని మెడికల్ షాపులో ఒక టాబ్లెట్ కొనుక్కుని, సోడా తాగి పడుకుంటారు. మొదటివాళ్ళు అనవసరంగా భయపడుతున్నారు, రెండోవాళ్ళు భయపడాల్సిన చోట భయపడడం లేదు. ఈ ఎపిసోడ్ ఇద్దరి కోసమూ.

ముందు ఈ ఎంజైములు ఏం చేస్తాయో చూద్దాం. ఒక చిన్న పని చేయండి. వట్టి అన్నం, కూర కలపకుండా, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని బాగా ఎక్కువసేపు నమలండి. కాసేపటికి తియ్యగా అనిపిస్తుంది. అన్నంలో పంచదార వేయలేదు కదా, తీపి ఎక్కడిది? మన లాలాజలంలో ఉన్న అమైలేజ్ అన్నంలోని పిండి పదార్థాన్ని చిన్న చిన్న చక్కెరలుగా విడగొట్టింది. అదే దాని పని. ఈ అమైలేజ్ రెండు చోట్ల నుంచి వస్తుంది. నోటి దగ్గరున్న లాలాజల గ్రంథుల నుంచి ఒకటి, క్లోమం నుంచి ఒకటి. క్లోమం అంటే ఇంగ్లిష్‌లో పాంక్రియాస్ అంటారే, అదే. జీర్ణాశయం వెనకాల, వెన్నెముక ముందు అడ్డంగా పడుకుని ఉంటుంది. ఇన్సులిన్ తయారు చేసేది కూడా ఇదే.

ఇక లైపేజ్. ఇది కొవ్వును విడగొడుతుంది. నెయ్యి, నూనె, మాంసంలోని కొవ్వు అరగాలంటే లైపేజ్ కావాలి. ఇది ఎక్కువ భాగం క్లోమం నుంచే వస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది. అమైలేజ్‌కి రెండు పెద్ద ఊటలు, లైపేజ్‌కి దాదాపు ఒకటే.

మరి ఇవి పేగుల్లో ఉండాల్సినవి కదా, రక్తంలో ఎందుకున్నాయి? ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా కొంచెం కొంచెం రక్తంలోకి చేరుతూనే ఉంటాయి. కణాలు పాతబడి కొత్తవి వస్తుంటాయి, ఆ క్రమంలో కొంత బయటికి వస్తుంది. దాన్ని శరీరం ఎప్పటికప్పుడు తీసేస్తుంది. అమైలేజ్‌లో కొంత భాగం కిడ్నీల ద్వారా మూత్రంలోకి పోతుంది. ఒక నీళ్ళ ట్యాంకు అనుకోండి. పైనుంచి కుళాయి, కింద నుంచి గొట్టం. నీటి మట్టం పెరిగిందంటే పైనుంచి ఎక్కువ వస్తోందని అర్థం, లేదా కింద నుంచి సరిగ్గా పోవడం లేదని అర్థం. ఎంజైములూ అంతే. ఎక్కడో ఒక అవయవం దెబ్బతిని లీక్ అయినా పెరుగుతాయి, బయటికి పోయే దారి మందగించినా పెరుగుతాయి. కాబట్టి "ఎంజైమ్ పెరిగింది" అనగానే "క్లోమం పాడైంది" అనుకోకూడదు.

ఇప్పుడు అంకెల సంగతి. రిపోర్ట్‌లో మీ విలువ పక్కన "నార్మల్ రేంజ్" అని ఉంటుంది. అది ఒక్కో ల్యాబ్‌కి ఒక్కోలా ఉంటుంది, ఎందుకంటే వాళ్ళు వాడే మెషిన్, రసాయనాలు వేరు. ముఖ్యంగా లైపేజ్ విషయంలో ఒక ల్యాబ్‌లో పైహద్దు 60 ఉంటే ఇంకో ల్యాబ్‌లో 150 దాటి ఉండొచ్చు. అందుకని మీ అంకెను ఫ్రెండ్ అంకెతో పోల్చకండి. యూట్యూబ్‌లో విన్న అంకెతో కూడా పోల్చకండి, నాదైనా సరే. మీ రిపోర్ట్ మీదున్న రేంజ్‌తోనే పోల్చుకోవాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ నార్మల్ రేంజ్ ఎలా పెడతారు? ఆరోగ్యంగా ఉన్న చాలామందిని పరీక్షించి, మధ్యలోని 95 శాతం మంది విలువలు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉన్నాయో అదే నార్మల్ అని సాధారణంగా రాస్తారు. అంటే ఏ రోగమూ లేని 100 మందిలో 5గురు ఆ గీతకి అటో ఇటో ఉంటారు. ఇప్పుడు ఫుల్ బాడీ చెకప్ అని ఒకేసారి అరవై, డెబ్భై పరీక్షలు చేయించుకుంటున్నాం. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒక ఆరోగ్యవంతుడికి చేస్తే, అన్నీ నార్మల్ వచ్చే అవకాశం సుమారు 36 శాతమే. అంటే ఎక్కువమందికి ఏదో ఒక చోట ఎర్ర గుర్తు పడుతుంది. పైహద్దు 60 ఉన్నచోట మీకు 72 వచ్చిందంటే, మీకు ఏ బాధా లేకపోతే, ఆ ఒక్క అంకెతో రోగం అంటగట్టలేం.

మరి డాక్టర్లు దేన్ని సీరియస్‌గా తీసుకుంటారు? ఒక గీత ఉంది. పైహద్దుకి మూడు రెట్లు. పైహద్దు 60 అయితే 180 దాటడం. అక్యూట్ పాంక్రియాటైటిస్, అంటే క్లోమం ఉన్నట్టుండి వాచిపోవడం, ఉందని చెప్పడానికి మూడు గుర్తుల్లో కనీసం రెండు ఉండాలి. ఒకటి, దానికి తగ్గ కడుపు నొప్పి. రెండు, అమైలేజ్ గానీ లైపేజ్ గానీ పైహద్దుకి మూడు రెట్లు దాటడం. మూడు, స్కాన్‌లో క్లోమం వాపు కనబడడం. దీన్ని 2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ అంటారు, ప్రపంచమంతా డాక్టర్లు ఇదే వాడతారు. ఇందులో గమనించాల్సింది ఏంటంటే, ఎంజైమ్ అంకె ఒక్కటే సరిపోదు. నొప్పి లేకుండా, స్కాన్‌లో ఏమీ లేకుండా అంకె మాత్రమే పెరిగితే దాన్ని పాంక్రియాటైటిస్ అనరు.

ఆ నొప్పి ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే ఇది మీ ప్రాణానికి సంబంధించినది. పొట్ట పైభాగంలో, రొమ్ము ఎముక కింద మొదలవుతుంది. చాలామందిలో నేరుగా వెనక్కి, వీపులోకి పొడుచుకుపోయినట్టు ఉంటుంది. వచ్చి పోయే నొప్పి కాదు, గంటల తరబడి అలాగే ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, ముందుకి వంగి కూర్చుంటే కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది. దానితోపాటు వాంతులు. వాంతి అయినా నొప్పి తగ్గదు. మామూలు గ్యాస్ నొప్పి ఇలా ఉండదు. ఇలాంటి నొప్పి వస్తే టాబ్లెట్ వేసుకుని తెల్లారేదాకా ఆగడం కాదు, ఆస్పత్రికి వెళ్ళాలి. ఎలా వెళ్ళాలో తెలియకపోతే 108కి ఫోన్ చేయండి.

ఎందుకంత తొందర అంటే, క్లోమంలో తయారయ్యే ఎంజైముల్లో ప్రొటీన్లను అరిగించేవి కూడా ఉంటాయి. మామూలుగా అవి పేగులోకి వెళ్ళాకే పనిలోకి దిగుతాయి. క్లోమం లోపలే పనిలోకి దిగాయంటే తన ఇంటిని తనే కాల్చుకున్నట్టు, క్లోమం తనను తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. దాదాపు 80 శాతం మందిలో ఇది కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. మిగిలినవాళ్ళలో ఊపిరితిత్తులు, కిడ్నీలు కూడా దెబ్బతిని ఐసీయూ దాకా వెళ్ళొచ్చు, ప్రాణాపాయం కూడా ఉంటుంది. ఎవరు ఏ గుంపులో పడతారో మొదటి గంటల్లో ఇంట్లో కూర్చుని చెప్పలేం. ఆస్పత్రిలో సెలైన్, నొప్పికి మందు, బీపీ, మూత్రం ఎంత వస్తోందో చూడడం, ఇవన్నీ మొదటి రోజే కావాలి.

సరే, క్లోమం ఎందుకు వాస్తుంది? మొదటి కారణం పిత్తాశయంలో రాళ్ళు. గాల్ బ్లాడర్ స్టోన్స్ అంటాం. కాలేయం నుంచి వచ్చే పైత్యరసం గొట్టం, క్లోమం నుంచి వచ్చే గొట్టం చివర్లో ఒకే చోట పేగులోకి తెరుచుకుంటాయి. ఒక చిన్న రాయి జారి వచ్చి సరిగ్గా ఆ మూల దగ్గర ఇరుక్కుంటే క్లోమం రసం బయటికి పోలేదు. అమెరికాలో యూజీన్ ఓపీ అనే డాక్టరు 1901లోనే ఈ విషయం రాశారు. ఇక్కడ పెద్ద రాయి కంటే చిన్న రాయే ప్రమాదం, ఎందుకంటే చిన్నదే జారగలదు. కాబట్టి "చిన్న రాయేలే" అనుకోవద్దు. మామూలుగా పొట్ట అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయంలోని రాళ్ళు కనబడతాయి. రాయి వల్ల క్లోమం వాచిందని తేలితే, వాపు తేలికపాటిదైతే, అదే అడ్మిషన్‌లో పిత్తాశయం తీయించేయమని డాక్టర్లు చెప్తారు. "నొప్పి తగ్గింది కదా, పండగ అయ్యాక చూద్దాం" అంటే మళ్ళీ వచ్చే అవకాశం ఉంది.

రెండో పెద్ద కారణం మందు. అంటే ఆల్కహాల్. సాధారణంగా ఇది ఒక్క పార్టీతో వచ్చేది కాదు, కొన్నేళ్ళపాటు ఎక్కువ తాగినవాళ్ళలో వస్తుంది. ఒకసారి వచ్చాక కూడా తాగితే మళ్ళీ మళ్ళీ వస్తుంది, చివరికి క్లోమం గట్టిపడిపోయి షుగర్ కూడా వస్తుంది. సిగరెట్ వేరే కారణం. మందుతో సంబంధం లేకుండా సిగరెట్ కూడా క్లోమాన్ని దెబ్బతీస్తుంది. రెండూ కలిస్తే ఇంకా చెడ్డది.

మూడోది ట్రైగ్లిజరైడ్స్. కొలెస్టరాల్ పరీక్షలో కనబడే రక్తంలోని కొవ్వు. 150 లోపు ఉండాలి అంటారు. ఇది 1000 దాటితే క్లోమం వాచే ప్రమాదం ఉంటుంది. అలాంటివాళ్ళ రక్తం తీసి కాసేపు పెడితే పైన పాల రంగులో కనబడుతుంది. షుగర్ అదుపులో లేనివాళ్ళలో, మందు తాగేవాళ్ళలో, కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే ఇది ఎక్కువగా ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. రక్తంలో కొవ్వు మరీ ఎక్కువగా ఉంటే అమైలేజ్ పరీక్ష తప్పుగా నార్మల్ చూపించవచ్చు. అందుకే రక్తం పాలలా ఉందని ల్యాబ్ వాళ్ళు రాస్తే దాన్ని డాక్టరుకి తప్పకుండా చూపించాలి.

ఇంకా కొన్ని కారణాలు. రక్తంలో కాల్షియం ఎక్కువవడం. కొన్ని మందులు: ఫిట్స్‌కి ఇచ్చే వాల్‌ప్రోయేట్, రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథయోప్రిన్, లుకేమియాలో ఇచ్చే ఆస్పరాజినేజ్. పైత్యరసం గొట్టంలో రాయి తీయడానికి ఎండోస్కోపీతో చేసే ఈఆర్‌సీపీ తర్వాత కొందరిలో. బైక్ హ్యాండిల్ పొట్టకి బలంగా గుచ్చుకున్నప్పుడు. గవద బిళ్ళల వైరస్ వల్ల. డెంగీలో కూడా కొన్నిసార్లు. ట్రినిడాడ్ దీవిలో ఒక రకం తేలు కుడితే కూడా క్లోమం వాస్తుంది. మెడిసిన్ చదివే పిల్లలందరికీ ఈ తేలు కథ తెలుసు, మనకి అవసరం పడదు. మనకి దగ్గర్లో ఉన్నది పురుగుల మందు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు ఒంట్లోకి ఎక్కువగా వెళితే అమైలేజ్ పెరుగుతుంది, కొందరిలో క్లోమం కూడా వాస్తుంది. పొలంలో స్ప్రే చేసి వచ్చాక విపరీతంగా చొంగ కారడం, చెమటలు, వాంతులు, చూపు మసకబారడం ఉంటే ఎంజైమ్ రిపోర్ట్ కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మందు డబ్బా కూడా వెంట తీసుకెళ్ళండి.

ఇప్పుడు చాలామంది అడిగే ప్రశ్న. "మా నాన్నకి లైపేజ్ 2000 వచ్చింది, పక్క బెడ్ ఆయనకి 400 వచ్చింది. మా నాన్నకే ఎక్కువ సీరియస్సా?" కాదండీ. ఎంజైమ్ అంకె జబ్బు ఉందో లేదో చెప్పడానికి పనికొస్తుంది, ఎంత తీవ్రంగా ఉందో చెప్పదు. 2000 ఉన్నాయన నాలుగో రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు, 400 ఉన్నాయన ఐసీయూలో ఉండొచ్చు. తీవ్రత చెప్పేవి ఊపిరి, బీపీ, కిడ్నీ పనితీరు, స్కాన్. అందుకే ఒకసారి జబ్బు ఖాయమయ్యాక రోజూ ఎంజైమ్ పరీక్ష చేయించాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. "ఇవాళ్టి లైపేజ్ ఎంత?" అని రోజూ అడగడం కంటే "మూత్రం సరిగ్గా వస్తోందా? ఆక్సిజన్ ఎలా ఉంది?" అని అడగడం మంచిది.

టైమింగ్ కూడా తెలుసుకోండి. క్లోమం వాచిన కొన్ని గంటల్లోనే రెండు ఎంజైములూ పెరుగుతాయి. అమైలేజ్ మూడు నుంచి ఐదు రోజుల్లో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. లైపేజ్ ఒకటి, రెండు వారాల దాకా ఎక్కువగానే ఉంటుంది. నొప్పి వచ్చి ఐదో రోజు పరీక్షకి వెళితే అమైలేజ్ నార్మల్ ఉండొచ్చు, కానీ లైపేజ్ పట్టిస్తుంది. రక్తంలో అమైలేజ్ చూసి క్లోమం వాపు పట్టుకోవచ్చని 1929లో రాబర్ట్ ఎల్మన్ బృందం చూపించింది, అప్పటి నుంచి చాలాకాలం అదే వాడారు. ఇప్పుడు మాత్రం రెండిట్లో ఒకటే చేయించాలంటే లైపేజ్ మేలు అంటున్నారు.

ఇక్కడిదాకా క్లోమం కథ. ఇప్పుడు క్లోమానికి సంబంధం లేకుండా పెరిగే కారణాలు చూద్దాం. ఇక్కడే చాలామంది భయం తీరుతుంది.

మొదటిది లాలాజల గ్రంథులు. అమైలేజ్ మాత్రమే పెరిగి లైపేజ్ నార్మల్‌గా ఉంటే ముందు ఇటు చూడాలి. గవద బిళ్ళలు వచ్చి చెవి కింద వాచినా, లాలాజలం గొట్టంలో రాయి అడ్డుపడినా అమైలేజ్ పెరుగుతుంది. మళ్ళీ మళ్ళీ వాంతులు అయ్యేవాళ్ళలో కూడా పెరుగుతుంది. బరువు పెరుగుతామన్న భయంతో తిన్నది కావాలని కక్కేసే అలవాటు కొంతమంది పిల్లలకి ఉంటుంది. వాళ్ళలోనూ ఇలా వస్తుంది. అలాంటి అలవాటు మీకుంటే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి. అది కూడా ఒక జబ్బే, దానికి చికిత్స ఉంది. మీరు చెప్పకపోతే లేని క్లోమం జబ్బు కోసం స్కాన్ల మీద స్కాన్లు తీస్తూ ఉంటారు.

రెండోది కిడ్నీలు. ఇందాక ట్యాంకు కింద గొట్టం అన్నాం కదా. కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే ఎంజైములు బయటికి పోలేక రక్తంలో నిలిచిపోతాయి. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళలో క్లోమం బాగానే ఉన్నా రెండు మూడు రెట్ల దాకా పెరగవచ్చు. అందుకే ఎంజైమ్ ఎక్కువ వస్తే క్రియాటినిన్ ఎంతుందో కూడా చూస్తారు.

మూడోది కడుపులో ఇతర అత్యవసరాలు. పేగుకి రంధ్రం పడినా, పేగు మడతపడి అడ్డుపడినా, పేగుకి రక్తం అందకపోయినా ఎంజైములు పెరుగుతాయి. ఇవన్నీ ఆపరేషన్ దాకా వెళ్ళేవి. వీటిని పాంక్రియాటైటిస్ అని పొరబడితే ప్రమాదం.

నాలుగోది అమ్మాయిలు ప్రత్యేకంగా వినాల్సింది. గర్భం గర్భసంచిలో కాకుండా పక్కనున్న ట్యూబులో నిలిచి, అది పగిలినప్పుడు కూడా అమైలేజ్ పెరగవచ్చు. పీరియడ్ తప్పింది, పొత్తికడుపులో హఠాత్తుగా నొప్పి, కళ్ళు తిరిగి పడిపోతున్నట్టు ఉంది అంటే అది చాలా పెద్ద ఎమర్జెన్సీ. లోపల రక్తం పోతూ ఉంటుంది. డాక్టరు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయిద్దాం అంటే, పెళ్ళయిందా లేదా అన్న మొహమాటం పక్కన పెట్టండి. పక్కన అమ్మ ఉంటే చెప్పడం కష్టంగా ఉంటే, డాక్టరుతో ఒంటరిగా మాట్లాడతానని అడగండి. అడగొచ్చు.

ఐదోది షుగర్ బాగా ఎక్కువై రక్తంలో ఆమ్లాలు చేరిపోవడం. డయాబెటిక్ కీటోఅసిడోసిస్ అంటారు. ఇందులో కడుపు నొప్పి, వాంతులు ఉంటాయి, ఎంజైములూ పెరుగుతాయి, క్లోమం మాత్రం చాలాసార్లు బాగానే ఉంటుంది. ఇన్సులిన్ మానేసిన పిల్లల్లో ఇది ఎక్కువగా చూస్తాం.

ఆరోది మందులు. నొప్పి తగ్గించే మార్ఫిన్ లాంటివి క్లోమం గొట్టం చివరున్న కండరాన్ని బిగించి ఎంజైములు పెంచగలవు. ఇంకో కొత్త సంగతి. షుగర్‌కీ బరువు తగ్గడానికీ వాడే ఇంజెక్షన్లు ఉన్నాయి కదా, సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్. వెగోవీ, మౌంజారో అనే పేర్లతో 2025లో మన దేశంలోకి వచ్చాయి. వీటిని వాడేవాళ్ళలో ఏ బాధా లేకుండానే లైపేజ్, అమైలేజ్ కొంచెం పెరగడం మామూలే. నొప్పి లేకపోతే ఆ కొంచెం పెరుగుదల చూసి కంగారు పడక్కర్లేదు. కానీ ఇందాక చెప్పిన లాంటి తీవ్రమైన నొప్పి వస్తే ఇంజెక్షన్ ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. డాక్టరు చీటీ లేకుండా ఎవరో చెప్పారని ఇవి వేసుకోవడం మాత్రం అసలు వద్దు.

ఏడోది పేరు కాస్త పెద్దది. మాక్రోఅమైలేసీమియా. అమైలేజ్ రక్తంలోని యాంటీబాడీలకు అతుక్కుని పెద్ద ముద్దగా మారుతుంది. ఆ ముద్ద కిడ్నీ జల్లెడలోంచి దూరలేదు. కాబట్టి రక్తంలో అమైలేజ్ ఎక్కువ, మూత్రంలో తక్కువ. లైపేజ్ నార్మల్. చాలామందిలో దీనివల్ల ఏ నష్టమూ లేదు, మందూ అక్కర్లేదు. మూత్రంలో అమైలేజ్ కూడా కొలిస్తే సంగతి బయటపడుతుంది. ఇది తెలియక ఏళ్ళ తరబడి భయంతో బతికేవాళ్ళు ఉంటారు.

ఎనిమిదోది కూడా అలాంటిదే. ఇటలీలో లూచియో గుల్లో అనే డాక్టరు 1996లో వివరించారు. కొంతమందికి క్లోమం ఎంజైములు ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి, స్కాన్‌లో క్లోమం బాగుంటుంది, ఏళ్ళు గడిచినా ఏమీ కాదు. ఇవాళ 250, రేపు 90, ఎల్లుండి మళ్ళీ 200, ఇలా ఊగుతూ ఉంటాయి. కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి ఉంటుంది. అయితే ఈ మాట చెప్పే ముందు మిగతా కారణాలన్నీ లేవని డాక్టరు చూసుకోవాలి, కొంతకాలం గమనించాలి. మనంతట మనం "నాది గుల్లో టైపే" అని తీర్పు ఇచ్చుకోకూడదు.

మరి క్యాన్సర్ సంగతి? నేరుగా చెప్తాను. అమైలేజ్, లైపేజ్ క్లోమం క్యాన్సర్‌ని పట్టుకునే పరీక్షలు కావు. ఆ క్యాన్సర్ ఉన్న చాలామందిలో ఇవి నార్మల్‌గా ఉంటాయి, ఇవి పెరిగిన అత్యధికుల్లో క్యాన్సర్ ఉండదు. ఇరవై, ముప్ఫై ఏళ్ళ వయసులో ఆ క్యాన్సర్ చాలా అరుదు. కానీ ఇంట్లో పెద్దవాళ్ళ విషయంలో కొన్ని గుర్తులు వదిలేయకూడదు. కారణం లేకుండా బరువు తగ్గిపోవడం, కళ్ళు పచ్చబడి కామెర్లు రావడం, యాభై దాటాక కొత్తగా షుగర్ వచ్చి దాంతోపాటు బరువు తగ్గడం, ఏ కారణమూ దొరకని పాంక్రియాటైటిస్. ఇవి ఉంటే ఎంజైమ్ ఎంతున్నా సరే, స్కాన్ కావాలి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఎంజైములు నార్మల్ ఉన్నంత మాత్రాన క్లోమం బాగుందని కాదు. క్లోమం ఏళ్ళ తరబడి మెల్లగా పాడై గట్టిపడిపోతే లీక్ అవడానికి ఎంజైమే మిగలదు. అప్పుడు అంకె నార్మల్, ఒక్కోసారి తక్కువ కూడా. దీన్ని క్రానిక్ పాంక్రియాటైటిస్ అంటారు. మన దక్షిణ భారతదేశంలో మందు అలవాటే లేని చిన్న వయసువాళ్ళలో కూడా, క్లోమంలో రాళ్ళతో ఇది రావడం చాలాకాలంగా చూస్తున్నారు. ఇందులో స్పింక్1 అనే జన్యువు మార్పుకి సంబంధం ఉందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించారు. కాబట్టి చిన్నప్పటి నుంచి అప్పుడప్పుడూ కడుపు నొప్పి, విరేచనం జిడ్డుగా నీళ్ళ మీద తేలడం, బరువు పెరగకపోవడం ఉంటే, "ఎంజైమ్ నార్మల్ వచ్చింది కదా" అని ఆగిపోకండి. కుర్రాడు తాగడు కదా అని కొట్టిపారేయకండి. నొప్పితో వచ్చిన ప్రతి కుర్రాడూ తాగుబోతే అనుకోవడం కూడా అంతే తప్పు.

సరే, ఇప్పుడు మీ చేతిలో రిపోర్ట్ ఉంది. ఏం చేయాలి?

తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, జ్వరం, కామెర్లు, ఊపిరి ఆడకపోవడం, కళ్ళు తిరగడం, వీటిలో ఏదైనా ఉంటే రిపోర్ట్ మీద అంకె చూడకండి. నేరుగా ఆస్పత్రికి వెళ్ళండి.

నొప్పి కాస్త ఉంది, ఎంజైమ్ కొంచెం పెరిగింది అంటే ఒకటి రెండు రోజుల్లో డాక్టరుని కలవండి. కడుపు అల్ట్రాసౌండ్, కాలేయం పరీక్ష, క్రియాటినిన్, ట్రైగ్లిజరైడ్స్, కాల్షియం, షుగర్ సాధారణంగా చూస్తారు. కలిసేదాకా మందు, సిగరెట్ ముట్టకండి.

ఏ బాధా లేదు, చెకప్‌లో అనుకోకుండా మూడు రెట్ల లోపు వచ్చింది అంటే, భయం అక్కర్లేదు, కానీ చెత్తబుట్టలోనూ వేయకండి. తీరిగ్గా డాక్టరుకి చూపించి, ఆయన చెప్పిన గడువు తర్వాత మళ్ళీ చేయించండి. వీలైతే అదే ల్యాబ్‌లో, రెండు ఎంజైములూ కలిపి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు నాలుగు విషయాలు ఫోన్‌లో రాసుకుని వెళ్ళండి. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది. మీరు వాడే మందులన్నీ, జిమ్ పొడులు, ఆకు మందులు, ఇంజెక్షన్లతో సహా. మందు, సిగరెట్ ఎంత, నిజంగా ఎంత. ఇంట్లో ఎవరికైనా క్లోమం జబ్బు, పిత్తాశయంలో రాళ్ళు, కొవ్వు ఎక్కువ ఉన్నాయా. అంకె కంటే ఈ నాలుగూ డాక్టరుకి ఎక్కువ చెప్తాయి.

రిపోర్ట్‌లో ఎర్ర గుర్తు ఒక ప్రశ్న మాత్రమే, జవాబు కాదు. జవాబు మీ ఒంట్లో ఉన్న బాధలోనూ, మిగతా పరీక్షల్లోనూ, డాక్టరు చేతి కింద మీ పొట్ట ఎలా ఉందన్నదాంట్లోనూ ఉంటుంది. నేను చెప్పింది అర్థం చేసుకోవడానికే, మీ డాక్టరు సలహా బదులు కాదు. మీ ఇంట్లో ఎవరైనా కడుపు నొప్పికి రోజూ గ్యాస్ టాబ్లెట్ మింగుతూ ఉంటే వాళ్ళకి ఈ ఎపిసోడ్ వినిపించండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం.